ఆదివారం అంటేనే అసహ్యం అంటున్నాడు మా అబ్బాయి

ప్రశ్న: మాది ప్రార్థనాపరులైన కుటుంబం. మావారు దేవుడంటే భయభక్తులున్న మనిషి. ఆదివారం ఆరాధన నుంచి రాగానే టీవీ, ఫోన్లు బంద్. పిల్లలు ఆడుకోకూడదు, గట్టిగా నవ్వినా కోప్పడతారు. రాత్రి దాకా బైబిలు పట్టుకుని కూర్చోవాల్సిందే. మొన్న మా 14 ఏళ్ల అబ్బాయి "నాకు ఆదివారం అంటేనే అసహ్యం" అన్నాడు. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. ఆ రోజు వచ్చే చుట్టాలకు వండి వడ్డించేసరికి నాకు నడుం వాల్చే తీరిక కూడా ఉండదు. విశ్రాంతి దినాన్ని అసలెలా గడపాలి?

జవాబు: అమ్మా, మీ బాధంతా పిల్లవాడి గురించే. మీ గురించి మాత్రం చివర్లో ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

నిర్గమకాండము 20వ అధ్యాయంలో విశ్రాంతి దినం గురించిన ఆజ్ఞను మీవారితో కలిసి ఒకసారి నెమ్మదిగా చదవండి. నీవు, నీ కుమారుడు, కుమార్తె, దాసుడు, దాసి, పశువు, నీ ఇంట ఉన్న పరదేశి... ఎవరూ పని చేయకూడదని ఉంటుంది. అందులో భార్య పేరు విడిగా లేదు. "నీవు" అన్న మాటలోనే ఆమె కూడా ఉందని నా నమ్మకం. దాసికి, పశువుకు సైతం సెలవిచ్చిన దేవుడు ఇంటి ఇల్లాలిని పొయ్యి దగ్గర వదిలేస్తాడా? ద్వితీయోపదేశకాండము 5లో కారణం కూడా చెప్పాడు: ఐగుప్తులో (ఈజిప్టులో) మీరూ దాసులుగా ఉన్నారు, మరచిపోవద్దని. ఊపిరి సలపని చాకిరీ నుంచి బయటపడ్డవాళ్లకు ఇచ్చిన రోజు అది.

అందుకే వంట సంగతి ముందు తేల్చుకోండి. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చిన ఆహారం మన్నా ఆరో రోజున రెండింతలు దొరికేది, కాల్చుకునేది, వండుకునేది ముందే కానిచ్చేవారు. మీరూ ముందురోజే కొంత చేసిపెట్టుకోండి. మిగతాది ఇంటిల్లిపాదీ పంచుకోవాలి. గిన్నెలు కడగడం మీవారికి, పిల్లలకు అప్పగించండి. చుట్టాలను ప్రతివారం పిలవనక్కర్లేదు.

ఇక అబ్బాయి. వాడు దేవుణ్ణి అసహ్యించుకున్నాడని కంగారుపడకండి. వాడికి ఆ రోజు శిక్షలా కనిపిస్తోంది, అంతే. యెషయా 58వ అధ్యాయం విశ్రాంతి దినాన్ని మనోహరమైనది అనుకోమంటుంది. మీవారు అదే వచనంలో "నీకిష్టమైన పనులు చేయకు" అన్న భాగాన్ని చూపించవచ్చు. నిజమే, ఆ మాటా ఉంది. కానీ అదే అధ్యాయం ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టమనీ చెబుతుంది. యేసు ప్రభువు ఊచచేయి (ఎండిపోయిన చేయి) గలవాడిని, 18 ఏళ్లు నడుం వంగిపోయిన స్త్రీని విశ్రాంతి దినానే బాగుచేశాడు. కాబట్టి మధ్యాహ్నం అబ్బాయిని వెంటబెట్టుకుని, ఆరాధనకు రాలేక మంచం పట్టిన పెద్దవాళ్ల ఇంటికి మీవారిని వెళ్లి రమ్మనండి. వాళ్లకు ఒక కీర్తన పాడి వినిపించి, కాసేపు మాట్లాడి వస్తే చాలు. దారిలో తండ్రీకొడుకులు మనసువిప్పి మాట్లాడుకుంటారు. సాయంత్రం తమ్ముళ్లతో, చెల్లెళ్లతో ఆడుకుంటే తప్పేమీ లేదు. ఫోన్లు పక్కన పెట్టే నియమం మాత్రం మంచిదే, ఉండనివ్వండి. అది పెద్దవాళ్లకూ వర్తించాలి.

శనివారమా ఆదివారమా అన్న వాదన మీ ఇంట్లో లేదు, సంతోషం. అడ్వెంటిస్టులు అనే క్రైస్తవ శాఖవారు విశ్రాంతి దినాన్ని శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం పొద్దుగూకే దాకా పాటిస్తారు, ఎక్కువ సంఘాలు ప్రభువు మరణం నుంచి లేచిన ఆదివారం కూడుకుంటాయి. దినాల విషయంలో ఒకరినొకరు తీర్పు తీర్చుకోవద్దని రోమా పత్రిక 14లో పౌలే అన్నాడు.

మీవారితో ఈ మాటలు ఆదివారం ఎత్తకండి, పిల్లల ముందు అసలే వద్దు. వారం మధ్యలో, ఆయన తీరిగ్గా ఉన్నప్పుడు, "మీ భక్తిని తప్పుపట్టడం లేదండీ, నాకూ ఆ విశ్రాంతి కావాలి" అని చెప్పండి. కొడుకు అన్న మాట కూడా దాచకుండా చెప్పండి. అయినా ఆయన వినకపోతే, మీ ఇద్దరికీ గౌరవమున్న పాస్టరుగారి దగ్గరకు కలిసే వెళ్లండి. ఒంటరిగా వెళ్తే ఆయనకు ఫిర్యాదులా తోస్తుంది.