జనరేటర్ ఆగితే అందరం లేచేవాళ్లం

(పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

పోయిన సంచికలో సంపాదకులు నా గురించి నాలుగు ముక్కలు వేశారు. కెనడాలో స్థిరపడ్డ రిటైర్డ్ ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్‌ననీ, 1978 సెప్టెంబరు నుంచి 18 నెలలు ఆర్కిటిక్‌లో ఒక మిలిటరీ రాడార్ స్టేషన్‌లో పనిచేశాననీ. దాంతో ఉత్తరాలు వచ్చిపడ్డాయి. సగం వాటిలో ఎలుగుబంటి గురించే అడిగారు. దాన్ని చివరికి ఉంచుతాను.

మీరు మిలిటరీలో చేరారా? అసలు అంత ఉత్తరాన రాడార్ ఎందుకు? – వెంకటేశ్

లేదండీ, నేను సిపాయిని కాను. రాడార్ మిలిటరీదే, నడిపేది మాత్రం కాంట్రాక్టు కంపెనీ. అక్కడ మాలో ఎక్కువ మందిమి జీతగాళ్లమే. మమ్మల్ని ‘రాడీషియన్లు’ అనేవారు. రాడార్, టెక్నీషియన్ రెండూ కలిపి ఎవరో కట్టిన మాట.

సోవియట్ బాంబర్లు అమెరికా మీదికి రావాలంటే దగ్గర దారి ఉత్తర ధ్రువం మీదుగానే. గ్లోబు తిప్పి చూడండి, మ్యాపులో అర్థం కాదు. అందుకని అలాస్కా నుంచి కెనడా పై అంచు మీదుగా బాఫిన్ దీవి దాకా, ఆ తర్వాత గ్రీన్‌లాండ్ మీదుగా ఒక వరస కట్టారు. దూరం నుంచే ముందుగా హెచ్చరించే వరస కాబట్టి డిస్టెంట్ ఎర్లీ వార్నింగ్ లైన్, పొట్టిగా డ్యూ లైన్. 1957లో పని మొదలుపెట్టింది. స్టేషన్లు మూడు రకాలు. పెద్దవి, మధ్యరకం, వాటి మధ్య బుల్లివి. బుల్లి స్టేషన్‌లో ఉండేది ముగ్గురే: చీఫ్, వంటవాడు, మెకానిక్. వాళ్లలో ఇద్దరు మాట్లాడుకోవడం మానేస్తే మూడోవాడి గతి ఊహించుకోండి. ఆ బుల్లివాటిని చాలావరకు 1963లోనే మూసేశారు. నేను ఉన్నది పెద్ద స్టేషన్, విక్టోరియా దీవి మీద కేంబ్రిడ్జ్ బేలో. కోడ్ పేరు ‘క్యామ్ మెయిన్’.

ఆరు నెలలు పగలు, ఆరు నెలలు రాత్రి అంటారు. పిచ్చెక్కదా? – ఇంటర్ విద్యార్థిని

ఆరు నెలల లెక్క ధ్రువం దగ్గరమ్మా. మా దగ్గర నవంబరు ఆఖరున పోయిన సూర్యుడు జనవరి రెండో వారంలో వచ్చేవాడు. ఈ ఆరు వారాలూ కాటుక చీకటి కూడా కాదు. మధ్యాహ్నం ఒక రెండు గంటలు దక్షిణం వైపు ఆకాశం నీలంగా, అడుగున కాస్త గులాబీగా వెలిగి ఆరిపోతుంది. నిజం చెప్పాలంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది వేసవి. మే 20 ప్రాంతం నుంచి రెండు నెలలు సూర్యుడు దిగడు. నైట్ డ్యూటీ చేసి వచ్చి కిటికీకి అల్యూమినియం రేకు అంటించుకుని పడుకునేవాణ్ణి. ఎక్కడో మూల చిన్న సందు ఉంటుంది, అందులోంచి ఒక గీత సరిగ్గా కంటి మీదికే వస్తుంది.

పిచ్చి చీకటి వల్ల ఎక్కదు, పక్కవాడి వల్ల ఎక్కుతుంది. ఒక శీతాకాలం వెయ్యి ముక్కల బొమ్మ ఒకటి పెట్టుకుని అందరం కలిసి పేర్చాం. పడవలు, రేవు, కొండ. చివర ఒక్క ముక్క తక్కువ. ఆకాశం ముక్క. బల్లల కింద, సోఫా సందుల్లో, ఆఖరికి వాక్యూమ్ క్లీనర్ సంచి విప్పి వెతికాం. మూడు వారాల తర్వాత తేలింది, అది మా డీజిల్ మెకానిక్ చొక్కా జేబులో ఉందని. చివరి ముక్క తనే పెట్టాలని దాచుకున్నాడట. ఆ రోజు కొట్టుకోబోయినంత పని అయింది. యాభై ఏళ్లు దాటిన మగవాళ్లు, ఒక అట్టముక్క కోసం.

మీ ఇల్లు ఎలా ఉండేది? నీళ్లు, స్నానం, వంట సంగతి చెప్పండి. – సుజాత, గృహిణి

ఈ ప్రశ్న ఒక్కరు కూడా అడగరేమో అనుకున్నాను. అక్కడి బతుకంతా ఇదేనండీ. రాడార్ తర్వాత.

ఇంటిని ‘ట్రెయిన్’ అనేవాళ్లం. పెట్టెల్లాంటి గదులు ఒకదానికొకటి తగిలించి పొడుగ్గా కట్టింది. నేలలో రెండడుగుల లోతున ఎప్పటికీ కరగని మంచు ఉంటుంది. ఇంటి వేడి దానికి తగిలితే అది కరిగి ఇల్లు కుంగిపోతుంది. అందుకని పొట్టి స్తంభాల మీద నిలబెట్టి, కింద గాలి ఆడనిస్తారు. ఎక్కువగా గాలి ఎటు వీస్తుందో అటే పొడుగ్గా పెడతారు, లేదంటే మంచు గోడకు కొట్టుకుని కప్పు దాకా పేరుకుంటుంది. పెద్ద స్టేషన్‌లో ఇలాంటివి రెండు, పైన వంతెనతో కలిపి ఉండేవి. ఒకటి తగలబడితే రెండోదాంట్లో బతకడానికి. అక్కడ అందరికీ ఉన్న అసలు భయం బాంబు కాదు, నిప్పు. గాలి ఎండు కొయ్యలా ఉంటుంది, ఆర్పడానికి నీళ్లు కొలతకే ఉంటాయి.

ఆ పొడిగాలి మహిమ మీకు చెప్పాలి. కార్పెట్ మీద పది అడుగులు నడిచి తలుపు పిడి పట్టుకుంటే చిటుక్కున నిప్పురవ్వ. ఎవరికైనా షేక్‌హ్యాండ్ ఇస్తే ఇద్దరం ఉలిక్కిపడేవాళ్లం. రాడార్ సర్క్యూట్ కార్డు ముట్టుకునే ముందు ఇనుప చట్రాన్ని తాకి ఒంట్లో కరెంటు దింపుకోవాలి. ఇప్పటికీ నేను ఫ్రిజ్ తెరిచేముందు పక్కనున్న కుళాయిని తాకుతాను. మా ఆవిడ నవ్వుతుంది.

నీళ్లు చెరువు నుంచి. చలికాలం ముదిరేసరికి చెరువు మీద మంచు మనిషెత్తు గట్టిపడుతుంది. దాన్ని తొలిచి, ఆ కంత మూసుకుపోకుండా కాపాడుకుంటూ, ట్యాంకు బండితో తెచ్చుకోవాలి. తుపాను పట్టుకుంటే మూడు నాలుగు రోజులు బండి కదలదు. అప్పుడు చీఫ్ నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటిస్తాడు, ఇక స్నానాల్లేవు. మామూలు రోజుల్లో కూడా ఒళ్లు తడుపుకుని, షవర్ కట్టేసి, సబ్బు రుద్దుకుని, మళ్లీ తిప్పుకోవడమే.

వంట మాత్రం దివ్యం. మాంసానికి లోటు లేదు, రొట్టె ఏ రోజుకారోజు కాల్చేవారు. పాలు మాత్రం పొడివే. తాజా కూరలు విమానం వస్తేనే. విమానంలోంచి దింపి గబగబా లోపలికి చేర్చకపోతే పాలకూర గాజు ముక్కల్లా విరిగిపోతుంది. బరువైన సామాను, డీజిలు ఏడాదికొక్కసారి, ఎండాకాలం చివర మంచు విడిచినప్పుడు బార్జ్ మీద వచ్చేవి. ఆ ఆర్డర్‌లో ఏదైనా రాయడం మరిచిపోతే మళ్లీ ఏడాది ఆగాలి. ఒక ఏడు ఎవరో ఒక అంకె తప్పు రాయబట్టి మాకు తినలేనంత కెచప్ వచ్చింది, టాయిలెట్ పేపర్ మాత్రం బొటాబొటీగా.

జనరేటర్ల చప్పుడు మాత్రం రేయింబవళ్లు ఆగదు. వారం రోజులకి చెవి దాన్ని మరిచిపోతుంది. ఒక రాత్రి రెండున్నరకి అది ఆగింది. చప్పుడుకి మనుషులు లేస్తారు కదా, మేం నిశ్శబ్దానికి లేచాం. టార్చిలు పట్టుకుని, బనియన్ల మీదే నడవాలోకి వచ్చి ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నాం. బయట మైనస్ 38. అటు రెండో ఇంజన్ అందుకునేదాకా ఎవ్వరం మాట్లాడలేదు. నాలుగు నిమిషాలు కూడా పట్టి ఉండదు.

శత్రు విమానం ఎప్పుడైనా కనిపించిందా? – ముగ్గురు నలుగురు అడిగారు

లేదు. మా పెద్ద రాడార్‌లో రెండు యాంటెన్నాలు వీపుకు వీపు ఆనించినట్టు ఉండి, రాడోమ్ అనే బంతిలాంటి కప్పు లోపల తిరుగుతుండేవి. ఒకటి ఎత్తున చూస్తుంది, ఒకటి కింద. సినిమాల్లోలాగా తెర ముందు కళ్లార్పకుండా కూర్చోనక్కర్లేదు. ఏదైనా కదిలితే అలారం మోగేలా ముందే ఏర్పాటు చేశారు. మోగితే ఆ చుక్క ఎవరిదో చూడాలి. ముందే ఫ్లయిట్ ప్లాన్ ఇచ్చిన విమానమా, ఆలస్యమైన మెయిల్ విమానమా. జాబితాతో సరిపోలకపోతే పైకి కబురు పంపాలి. నా కాలంలో సరిపోలనివి దాదాపు అన్నీ ప్లాన్ ఇవ్వడం మరిచిపోయిన పైలట్లవే. మొదటిసారి అలారం మోగినప్పుడు నా చేతులు వణికాయి. పదోసారికి కాఫీ కప్పు కింద పెట్టకుండానే పని కానిచ్చాను. అలా కావడం మంచిదా చెడ్డదా అని అప్పట్లో చాలా ఆలోచించాను.

అక్కడి స్థానికులతో ఎలా ఉండేవారు? – రామలక్ష్మి

అక్కడివాళ్లు ఇనూయిట్‌లు. ఆ చోటుకి వాళ్ల పేరు ఇకలుక్తుత్తియాక్, చేపలు బాగా పడే చోటు అని. 1950ల్లో స్టేషన్ కట్టేటప్పుడు చాలామంది కూలికి వచ్చి అక్కడే నిలిచిపోయారు. అలా ఊరు పెరిగింది. నాకు గాలిని చూసి తుపాను పసిగట్టడం నేర్పింది స్టేషన్‌లో బండి తోలే ఒక ఇనూయిట్ పెద్దాయన. నా కళ్లజోడు కూడా ఆయనే కాపాడాడు. బంగారు రంగు లోహపు ఫ్రేమ్ పెట్టుకుని మొదటి చలికాలం బయటికి వెళ్లాను. అది చెంపకి అతుక్కుపోయింది. నేను లాగబోతుంటే ఆయన చెయ్యి పట్టుకుని ఆపి, తన అరచేతుల్లోకి ఊపిరి ఊది, ఆ వేడితో మెల్లగా విడదీశాడు. మర్నాడే దాని కాడలకి టేపు చుట్టుకున్నాను.

వాళ్ల నేల మీద ఇదంతా కట్టేటప్పుడు వాళ్లని అడిగినవాళ్లు లేరు. పైగా ఖాళీ డ్రమ్ములు, నూనె, పీసీబీ అనే విషపు రసాయనం ఉన్న సామాను, రంగు పెచ్చులు అన్నీ నేలపాలు చేశాం. ‘చేశాం’ అనే అంటున్నాను, నేనూ డ్రమ్ము దొర్లించినవాణ్ణే. అప్పుడది చెత్త పారేయడమే అనుకున్నాం. కెనడా రక్షణ శాఖ 21 స్టేషన్ల స్థలాలు శుభ్రం చేయడానికి 1996లో మొదలుపెడితే 2014 దాకా పట్టింది.

గ్రీన్‌లాండ్‌లో రాడార్ భవనాన్నే జాకీలతో ఎత్తేవారట, నిజమా? – శ్రీకాంత్

నిజమే. డై–2, డై–3 అని రెండు స్టేషన్లు నేల మీద కాదు, మంచు పలక మీదే ఉండేవి. ఏటా పడే మంచు పూడ్చేస్తుంది కాబట్టి భవనాన్ని స్తంభాల మీద ఎప్పటికప్పుడు పైకి జరిపేవారు. 1977లో డై–3ని మొత్తంగా 65 మీటర్లు పక్కకి జరిపారు. డై–2ని 1988లో ఖాళీ చేశారు. నేను వెళ్లలేదు, వెళ్లాలనిపించనూ లేదు.

ఇప్పుడు అక్కడ ఎవరుంటారు? – వెంకటేశ్ గారిదే రెండో ప్రశ్న

దాదాపు ఎవరూ ఉండరు. 1993 నాటికి డ్యూ లైన్ కథ అయిపోయింది. దాని చోట వచ్చింది నార్త్ వార్నింగ్ సిస్టమ్. కెనడాలో 11 పెద్ద రాడార్లు, 36 చిన్నవి. వాటంతట అవే చూస్తాయి, వాటంతట అవే కబురు పంపుతాయి. రిపేరుకి మనుషులు వెళ్లి వచ్చేస్తారు. వంటవాడు లేడు, బొమ్మ ముక్కలు దాచుకునేవాడూ లేడు.

తెల్ల ఎలుగుబంటిని చూశారా? ఫొటో ఉంటే వెయ్యండి. – ఐదో తరగతి చదివే బాబు

చూశాను నాన్నా, ఒక్కసారే. చాలా దూరంగా, అటు తిరిగి నడిచి వెళ్లిపోతోంది. మనకి కనిపించింది దాని వెనక భాగమే. పార్కా (టోపీ ఉన్న మందపాటి చలికోటు) లోపలనుంచి కెమెరా తీశాను. ఆ చలికి ఫిల్ము పెళుసెక్కిపోతుంది, మెల్లగా తిప్పాలి. నేను తొందరపడి తిప్పేశాను. లోపల టక్‌మని తెగింది.