సమాధానం: 518001 కారణాంకాలు 172667 దగ్గర ఆగిపోవు

అన్నా, కర్నూలు పిన్‌కోడ్ 518001ని 3తో భాగిస్తే 172667 వచ్చింది, అది 3తోనూ 7తోనూ పోలేదు కాబట్టి ప్రధాన సంఖ్యేమో, పాప ప్రాజెక్టులో అలాగే రాయమందామా అన్నారు. వద్దు. మీరు 11ని వదిలేశారు.

172667లో ఒకటి విడిచి ఒకటి అంకెలు కూడండి: 1+2+6 = 9, 7+6+7 = 20. తేడా 11, అంటే 11తో పోతుంది. వచ్చేది 15697. దాన్నీ అలాగే చూడండి, రెండు వైపులా 14, తేడా సున్నా. మళ్లీ 11తో పోయి 1427 మిగులుతుంది. ఇక్కడ టెన్షన్ అక్కర్లేదు, 38 వర్గం 1444 కదా, 37 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలతో చూస్తే చాలు. ఏదీ పోదు, 1427 ప్రధాన సంఖ్యే.

కాబట్టి 518001 = 3 × 11² × 1427. ఘాతాలకు ఒక్కొక్కటి కలిపి గుణిస్తే 2×3×2, మొత్తం 12 కారణాంకాలు. చాలామంది 11ని ఒక్కసారే లెక్కేసి 8 అంటారు.

పరిపూర్ణ సంఖ్యా (అంటే తనతో సహా కారణాంకాలన్నీ కూడితే సరిగ్గా తనకి రెట్టింపు వచ్చేదా) అనీ అడిగారు. కాదు. కారణాంకాల మొత్తం 4×133×1428 = 7,59,696, రెట్టింపుకి చాలా తక్కువ. అసలు 8128 తర్వాత పరిపూర్ణ సంఖ్య 3,35,50,336, ఏ పిన్‌కోడ్‌కీ ఆ అవకాశం లేదు!