మ్యాచ్ ఓడిన రాత్రి మా ఇల్లు ఇల్లులా ఉండదు

ప్రశ్న: మేడమ్, మేం అమెరికాలో ఒహాయో రాష్ట్రం కొలంబస్ దగ్గర ఉంటాం. మా వారిది ఖమ్మం. 2012లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చేయడానికి వచ్చారు. అప్పటి నుంచీ ఆ కాలేజీ ఫుట్‌బాల్ టీమంటే ప్రాణం (బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్ లెండి). గెలిస్తే పండగే. 2025 జనవరిలో ఛాంపియన్లయినప్పుడు ఆఫీసులో మైసూర్‌పాక్ పంచారు. ఓడితే మాత్రం మూడు రోజులు మాటలుండవు. కోపమంతా కోచ్ ర్యాన్ డే మీద. "ప్రెషర్ వస్తే తేలిపోతాడు, వీడి వల్ల కాదు" అని నిద్రలో కూడా అనేలా ఉన్నారు. మొన్న డిసెంబరు 31 రాత్రి ఫ్రెండ్స్ ఇంట్లో న్యూ ఇయర్ పార్టీ. మయామి చేతిలో ఓడిపోగానే రిమోట్ గోడకేసి కొట్టారు. పన్నెండు కాకముందే మమ్మల్ని లేవదీసుకుని వచ్చేశారు. తలనొప్పి అని అందరికీ నేనే సర్దిచెప్పాను. ఆ తర్వాత ఆయన ఫోన్ చూస్తే, కోచ్ పెళ్లాం పిల్లల్ని కూడా కలిపి తిడుతూ పెట్టిన మెసేజ్ కనబడింది. వారం తర్వాత మా తొమ్మిదేళ్ల బాబు చెస్ టోర్నమెంటుకు వెళ్లనన్నాడు. ఎందుకని అడిగితే, "నేను కూడా డే లాగా ప్రెషర్‌లో ఓడిపోతే డాడీ ఏమంటారు?" అన్నాడు. ఏం చెయ్యాలో తోచడం లేదు. మా వారికి ఆఫీసులో రెండేళ్లుగా ప్రమోషన్ రావడం లేదు, పెద్ద మీటింగుల్లో మాట తడబడుతుందని మేనేజర్ చెప్పారట. దానికీ దీనికీ సంబంధం లేదనుకోండి.
— ఒక సోదరి, కొలంబస్

జవాబు: అమ్మా, ఆ చివరి రెండు వాక్యాలూ రాసి, సంబంధం లేదని మీరే కొట్టేశారు. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు ఒకటి అడగాలి. ఆ రిమోట్ గోడకు తగిలింది కదా, ఎప్పుడైనా మీ వైపు గానీ బాబు వైపు గానీ వచ్చిందా? చెయ్యి లేచిందా? కారులో మిమ్మల్ని కూర్చోబెట్టుకుని కోపంతో వేగంగా నడిపారా? ఉత్తరంలో ఆ మాట లేదు. ఉండి రాయలేదేమోనని నా అనుమానం.

ఎందుకు అడుగుతున్నానంటే, డేవిడ్ కార్డ్, గోర్డన్ డాల్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికాలోని ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లనూ పోలీసు రికార్డులనూ పక్కపక్కన పెట్టి 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. తప్పకుండా గెలుస్తుందనుకున్న సొంత ఊరి టీమ్ ఓడిన రోజున, ఇళ్లలో మగవాళ్లు భార్యల మీద, భాగస్వాముల మీద చెయ్యి చేసుకున్న కేసులు 10 శాతం పెరిగాయి. ఎటైనా పోవచ్చనుకున్న మ్యాచ్ ఓడినప్పుడు ఆ తేడా పెద్దగా లేదు. ఓటమికన్నా, ఆశ పెట్టుకున్న చోట తగిలిన దెబ్బే మనిషిని ఎక్కువ రెచ్చగొడుతుందన్నమాట. మీ ఆయన అలాంటి మనిషని నేననడం లేదు. కానీ నా ప్రశ్నలకు మీ జవాబు "అవును" అయితే కింద రాసినవన్నీ పక్కన పెట్టి ముందు 1-800-799-7233కి ఫోన్ చెయ్యండి. గృహహింస బాధితుల కోసం అమెరికా అంతటా పనిచేసే నంబరు అది. పరిస్థితి చెయ్యి దాటితే 911. ఊళ్లో వాళ్లకు తెలిస్తే ఏమనుకుంటారో అన్నది ఆ రోజు లెక్కలోకి రాకూడదు.

"కాదండీ, అరవడం, విసరడం వరకే" అంటే మిగతాది చదవండి.

మీ ఉత్తరం వచ్చాక ఆ మ్యాచ్‌ల హైలైట్స్ చూశాను. నాకు ఆ ఆట ఓనమాలు రావు. మా మేనల్లుడు ఫోన్లో ఆపి ఆపి విడమరిచి చెప్పాడు. ఇక్కడి పాఠకులకు కాలేజీ ఆటంటే వింతగా ఉంటుంది గానీ, అక్కడి స్టేడియంలో లక్ష మందికి పైగా కూర్చుంటారు. ఆ కోచ్ జీతం ఏడాదికి సగటున కోటీ పాతిక లక్షల డాలర్లు, అంటే మన వంద కోట్ల రూపాయలకు పైమాటే. అంత తీసుకునేవాణ్ణి నాలుగు మాటలనే హక్కు అభిమానికి ఉంటుంది. పైగా మీ ఆయన కోపంలో న్యాయం లేకపోలేదు. 2024 నవంబరు 30న సొంత మైదానంలో, ర్యాంకు కూడా లేని పాత ప్రత్యర్థి మిషిగన్‌తో మ్యాచ్. విసిరిన బంతిని అందుకోవడంలో దేశంలోనే పేరున్న క్యాచర్లను పెట్టుకుని, బంతిని మళ్లీ మళ్లీ మధ్యలోంచే, గోడలా నిలబడ్డ మనుషుల మీదికే పరిగెత్తించారు. 13-10తో పోయింది. మిషిగన్ చేతిలో అది వరుసగా నాలుగో ఓటమి. 2025 డిసెంబరు 6న ఇండియానాతో తమ లీగ్ (బిగ్ టెన్) ఫైనల్లో మళ్లీ అదే 13-10. గోల్ గీతకు అయిదు గజాల దూరంలో ఒక్క గజం కావాల్సి వచ్చి, అదీ దొరకలేదు. ఆ తర్వాత 27 గజాల కిక్ కూడా తప్పిపోయింది. చివరికి డిసెంబరు 31న మయామి చేతిలో 24-14. చూస్తుంటే నాకే "అయ్యో" అనిపించింది.

అందుకే చెబుతున్నాను, "ఒక ఆట కోసం ఇంత గోలా?" అని మాత్రం ఆయనతో అనకండి. ఇప్పటికే చాలాసార్లు అని ఉంటారు. ఆ మాటతో ఆయన ఇంకా దూరం జరుగుతారు.

2012ను ఒక్కసారి తలుచుకోండి. ఖమ్మం నుంచి వచ్చిన కుర్రాడు, మొదటి చలికాలం, థ్యాంక్స్‌గివింగ్ సెలవులు. క్యాంపస్ ఖాళీ, అమెరికన్ పిల్లలంతా ఇళ్లకు వెళ్లిపోయి ఉంటారు. ఆ శనివారమే, నవంబరు 24న, ఒహాయో స్టేట్ అదే మిషిగన్‌ను 26-21తో ఓడించి సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా ముగించింది. ఆయన స్టేడియంలో ఉన్నారో, రూమ్మేట్ ల్యాప్‌టాప్‌లో చూశారో నాకు తెలియదు. మీరడగండి. నా ఊహ ఏమిటంటే, యాస అర్థం కాని ఊళ్లో "మనం" అనే మాట ఆయన నోట మొదటిసారి వచ్చింది అప్పుడే అయి ఉంటుంది. దాన్ని వట్టి ఆట అంటే, ఆ కుర్రాణ్ణి మీరు కొట్టిపారేసినట్టే.

ఈ "మనం" గురించి ఒక ముచ్చట. రాబర్ట్ సియాల్డిని అనే సైకాలజిస్టు, ఆయన సహచరులు 1976లో ఒక పరిశోధన అచ్చువేశారు. పేరున్న ఫుట్‌బాల్ టీములున్న ఏడు యూనివర్సిటీల్లో సోమవారం సోమవారం క్లాసులకు వెళ్లి, కాలేజీ పేరున్న బట్టలు ఎంతమంది వేసుకొచ్చారో లెక్కపెట్టారు. టీమ్ గెలిచిన వారం ఆ బట్టలు ఎక్కువ కనబడ్డాయి. ఆ ఏడింటిలో ఒహాయో స్టేట్ ఒకటి, మిషిగన్ ఇంకొకటి. విద్యార్థులకు ఫోన్ చేసి మ్యాచ్ సంగతి అడిగితే, గెలిచినప్పుడు "మేం గెలిచాం" అనడం, ఓడినప్పుడు "వాళ్లు ఓడారు" అనడం ఎక్కువట. మీ ఇంట్లో ఒకసారి గమనించండి. మైసూర్‌పాక్ పంచిన రోజు "మనం కొట్టాం" అని ఉంటారు. డిసెంబరు 31న "వీడు ముంచాడు" అయింది.

2024 నవంబరులో మిషిగన్ చేతిలో ఓటమికీ 2025 జనవరి 20 ఛాంపియన్‌షిప్‌కీ మధ్య 51 రోజులు. అదే కోచ్, అదే టీమ్. టెనెసీని 42-17, ఆరెగన్‌ను 41-21, టెక్సస్‌ను 28-14, చివరికి నోటర్ డేమ్‌ను 34-23తో ఓడించారు. ప్రెషర్‌లో తేలిపోయేవాడే అయితే ఈ నాలుగూ ఎవరు ఆడించినట్టు? ఈ వాదన మీరు ఆయన ముందు పెట్టకండి, పనిచెయ్యదు. అభిమాని దగ్గర ప్రతి స్కోరుకీ ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. ఆ నవంబరులో తిట్టిన తిట్లను జనవరిలో వెనక్కి తీసుకున్నారా అని మాత్రం, ఆయన నవ్వుతూ ఉన్న రోజు చూసి, సరదాగా అడగండి.

మెసేజ్ సంగతి సరదా కాదు. ఆ 2024 ఓటమి తర్వాత కోచ్ కుటుంబానికి బెదిరింపులు వచ్చాయని, ఇంటి దగ్గర తుపాకీతో కాపలా పెట్టుకోవాల్సి వచ్చిందని వార్తలొచ్చాయి. ఆ ఇంట్లోనూ పిల్లలున్నారు. ఇంకొకటి మీ ఆయనకు తెలిసే ఉంటుంది. ర్యాన్ డే చిన్నతనంలోనే వాళ్ల నాన్న ఆత్మహత్య చేసుకున్నారు. ఆ సంగతి ఆయన దాచుకోలేదు. 2019లో భార్యతో కలిసి కొలంబస్‌లోని పిల్లల ఆసుపత్రిలో, పిల్లల మానసిక ఆరోగ్యం కోసం ఒక నిధి పెట్టారు. మీరు బాబును తీసుకుని ఆ ఆసుపత్రి ముందు నుంచి ఎన్నిసార్లు వెళ్లి ఉంటారో. ఆ మెసేజ్ తీసెయ్యాలి, ఆయన చేతులతోనే. దానికి ముందు మీరు ఆయన ఫోన్ చూశానని ఒప్పుకోవాలి. "చూడటం తప్పే, కానీ చూశాక నిద్రపట్టడం లేదు" అనండి. ముందు మీ తప్పు చెప్పకపోతే, గొడవంతా ఫోన్ ఎందుకు ముట్టుకున్నావన్న దగ్గరే ఆగిపోతుంది.

ఇప్పుడు ఆ ఆఫీసు సంగతి. పెద్ద మీటింగుల్లో మాట తడబడే మనిషి, "ప్రెషర్ వస్తే తేలిపోతాడు" అని ఇంకొకణ్ణి తిడుతున్నాడు. రెండూ ఒకటేనని ఇంత దూరం నుంచి నేను తేల్చి చెప్పలేను. అయినా మీకు దానికీ దీనికీ సంబంధం కనబడకపోతే, ఆ రెండు వాక్యాలు నాకెందుకు రాసినట్టు? దీన్ని ఆయన ముందు విప్పి "నువ్వు తిట్టేది నిన్నే" అనొద్దు. అంతకంటే అవమానం ఉండదు. మీటింగుల భయానికి మాత్రం విడిగా సాయం తీసుకోవచ్చు. చాలా కంపెనీల్లో ఉద్యోగులకు ఉచితంగా కొన్ని కౌన్సెలింగ్ సెషన్లుంటాయి, అక్కడ చెప్పింది మేనేజరు దాకా వెళ్లదు. "కోపానికి డాక్టర్ దగ్గరికి వెళ్లు" అంటే వెళ్లని మగవాళ్లు, "ప్రమోషన్ కోసం" అంటే వెళ్లడం నేను చాలాసార్లు చూశాను.

బాబు విషయంలో ఆలస్యం చెయ్యకండి. తొమ్మిదేళ్లవాడికి కోచ్ వేరు, కొడుకు వేరు అన్న లెక్క తెలియదు. ఓడినవాణ్ణి నాన్న ఏమంటాడో విన్నాడు, తన పేరు అందులో పెట్టి చూసుకున్నాడు, అంతే. మా ఇంట్లో ఇది జరిగింది కాబట్టి చెబుతున్నాను. 1996 మార్చి 13, ఈడెన్ గార్డెన్స్‌లో శ్రీలంకతో క్రికెట్ ప్రపంచకప్ సెమీఫైనల్. ఒక వికెట్‌కు 98 ఉన్న టీమ్, ఎనిమిది వికెట్లకు 120 అయింది. జనం సీసాలు విసిరారు, మ్యాచ్ ఆపేసి శ్రీలంకకు ఇచ్చేశారు. టాస్ గెలిచి ఫీల్డింగ్ తీసుకున్నందుకు మన హైదరాబాదీ అజారుద్దీన్‌ను మా నాన్న తిట్టని తిట్టు లేదు. గుత్తివంకాయ కూర ఎవరూ ముట్టలేదు. స్కోరు తర్వాత పేపర్లో చదివి తెలుసుకున్నాను. అమ్మ ఆ గిన్నె మీద మూత పెట్టిన చప్పుడు మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది. ఆ నెలలోనే వచ్చిన లెక్కల మార్కులు నాన్నకు చూపించలేదు.

కాబట్టి బాబు అన్న మాట యథాతథంగా, ఏమీ కలపకుండా ఆయనకు చెప్పండి. బాబు నిద్రపోయాక, టీవీ ఆపేసి ఉన్నప్పుడు చెప్పండి. చెప్పి ఊరుకోండి. "చూశారా మీ వల్ల" అని తోక తగిలించకండి. ఆ మాట తగలాల్సిన చోట దానంతటదే తగులుతుంది. తర్వాత ఆయనే బాబుతో మాట్లాడాలి, మీరు మధ్యవర్తి కావద్దు. ఉపన్యాసం అక్కర్లేదు. "ఆ రోజు రిమోట్ విసరడం నాదే తప్పురా. నాకు కూడా మీటింగులంటే భయమేస్తుంది" అంటే చాలు. నాన్నకూ భయం వేస్తుందని తెలిసిన పిల్లవాడికి తన భయం కొంచెం తేలికవుతుంది.

సీజన్ అయిపోయింది, మళ్లీ సెప్టెంబరు దాకా సమయం ఉంది. ఈలోగా ఇద్దరూ కూర్చుని కొన్ని ఒప్పందాలు చేసుకోండి. మ్యాచ్ చూసేటప్పుడు ఫోన్ వేరే గదిలో ఉంటుంది, పొద్దున్నే ముట్టుకుంటారు. ఓడితే చెప్పులేసుకుని ఇరవై నిమిషాలు బయట నడిచి వస్తారు, కారు తియ్యరు. మిషిగన్ మ్యాచ్ నవంబరు చివర్లో, చలిలో, అయినా సరే. మీ వైపు నుంచి కూడా ఒకటి ఉంది, ఇకపై తలనొప్పి అని ఎవరికీ అబద్ధం చెప్పరు. ఆయన కోపానికి ఆయనే జవాబు చెప్పుకోనివ్వండి. న్యూ ఇయర్ రోజు పిలిచిన ఆ ఫ్రెండ్స్‌కు ఆయన చేతే ఫోన్ చేయించండి. గోడకు సొట్ట పడి ఉంటే బాగుచేయించి ఇవ్వాలి కూడా.

టోర్నమెంటుకు పేరివ్వడానికి గడువు ఎప్పుడో మీరు రాయలేదు. దాటిపోతే పోనివ్వండి, వెళ్లమని బాబును బలవంతపెట్టొద్దు. చెస్ బోర్డు మాత్రం అలమారలోంచి తీసి డైనింగ్ టేబుల్ మీద పెట్టి, ఆ సాయంత్రం మీ ఆయన్ని అక్కడ కూర్చోమనండి. తెల్లపావులు బాబుకిచ్చి, ఓడినా గెలిచినా రెండో ఆట ఆడమనండి. ఎలా జరిగిందో నాకు రాయండి.