ఫెలోషిప్ ముగిశాక వచ్చే నెలల కోసం

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. హైదరాబాద్‌లోని ఒక యూనివర్సిటీలో వరి జన్యువులపై పీహెచ్‌డీ రెండో సంవత్సరం చేస్తున్నాను. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నెలకు 37,000 రూపాయలు. అయితే ఒక్కోసారి మూడు నాలుగు నెలలది కలిపి వస్తుంది. హాస్టల్, మెస్, ఇతర ఖర్చులకు 11,000 అవుతుంది, ఇంటికి 10,000 పంపుతాను. ఏడాదికి 50,000 చొప్పున 20 ఏళ్లు కట్టే పాలసీ తీసుకోమని ఏజెంటుగా ఉన్న మా బాబాయి అంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: ఇప్పుడు తీసుకోవద్దు. మీ బాబాయిగారు మీ మేలు కోరే చెప్పి ఉంటారు. కానీ మీ ఫెలోషిప్ గడువు మొత్తం ఐదేళ్లే, ఆ పాలసీకి 20 ఏళ్లు కట్టాలి. మధ్యలో మానేస్తే కట్టినదాంట్లో కొంత నష్టపోవలసి వస్తుంది.

మీ పరిశోధన తీరునే ముందు లెక్కలోకి తీసుకోండి. వరిలో తెచ్చిన జన్యుమార్పు తరువాతి తరాలలో నిలిచిందో లేదో తేల్చాలంటే, నాటిన విత్తనం మళ్లీ విత్తనం ఇచ్చేదాకా ఒక్కో తరానికీ నెలల తరబడి ఆగాలి. గ్రీన్‌హౌస్‌లో ఒక్క పంట తెగులుకు పోయినా మళ్లీ మొదటి నుంచి రావాలి. అందువల్ల జీవశాస్త్రాల్లో థీసిస్ ఐదేళ్లు దాటడం అరుదేమీ కాదు. మీరు ఇప్పటి నుంచీ కూడబెట్టవలసింది ఆ చివరి నెలల కోసమే.

రెండేళ్ల తరువాత మదింపు పూర్తయి ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే, 2023 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న రేటు ప్రకారం నెలకు 42,000 అందుతుంది. పెరిగిన ఆ 5,000ను ఖర్చులో కలపకండి. మూడేళ్లకు వడ్డీ కాకుండానే అది 1,80,000 అవుతుంది. నెలకు 21,000 అవసరమయ్యే మీకు ఎనిమిదిన్నర నెలలు గడిచిపోతాయి. రికరింగ్ డిపాజిట్ అయితే డబ్బు ఆలస్యమైన నెలలో వాయిదా తప్పుతుంది కాబట్టి, సొమ్ము చేతికందినప్పుడల్లా చిన్న చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్లు వేయడమే మీకు నప్పుతుంది.

అంతకంటే ముందు చేయవలసిన పని మరొకటి ఉంది. నాలుగు నెలల బకాయి 1,48,000 ఒకేసారి ఖాతాలో పడిన రోజున మనిషికి చేయి ఊరుకోదు. ఆ రోజే చేబదుళ్లు తీర్చేసి, మిగిలినదంతా వేరే ఖాతాకు మార్చి, అక్కడి నుంచి ప్రతి నెలా ఒకటో తేదీన మీకు మీరే 21,000 జీతంగా వేసుకోండి. మిగిలే 16,000తో ఎనిమిది నెలల్లో ఆరు నెలల ఖర్చుకు సరిపడా నిల్వ, అంటే 1,26,000, సమకూరుతుంది. అది చేతిలో ఉంటే మళ్లీ ఆలస్యమైనా ఇంటికి పంపే డబ్బు ఆగదు, క్రెడిట్ కార్డు జోలికి వెళ్లవలసిన పనీ ఉండదు.

ప్రయోగాలకు కావలసిన ప్రైమర్లకో, ఎంజైములకో సొంత డబ్బు పెట్టే అలవాటు మీకుంటే, దయచేసి మానుకోండి. ఫెలోషిప్‌తో పాటు పరిశోధన ఖర్చులకు విడిగా కంటింజెన్సీ గ్రాంటు ఇచ్చేది అందుకే. తప్పనిసరై పెట్టవలసి వస్తే ముందుగా గైడు అనుమతి రాతపూర్వకంగా తీసుకుని, బిల్లు అసలు ప్రతిని అదే వారంలో ఆఫీసులో ఇవ్వండి.

ఇంట్లో వారు మీ 10,000 మీదే ఆధారపడి ఉంటే, మీ బాబాయిగారినే ఒక టర్మ్ పాలసీకి (గడువులోగా మనిషి పోతేనే కుటుంబానికి డబ్బు వచ్చే బీమాకు) ప్రీమియం ఎంతవుతుందో అడగండి. మీ వయసులో అది ఆ 50,000లో చిన్న భాగమే అవుతుంది.