సింధూకి, ఆగస్టు టికెట్లు కొనే ముందు

చిరంజీవి సింధూకి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "అక్కా, ఇది ఆఫీసులో ఇద్దరు పిల్లలతో కలిసి థాయ్‌లాండ్‌లో ఫుకెట్, క్రాబీ వెళ్తానంటోంది. కాస్త నువ్వు చెప్పు" అంది. ఏం చెప్పమంటావే అంటే మాట దాటేసింది. వద్దని చెప్పమని దాని ఉద్దేశం. అది నేను చెప్పను. నీ వయసులో నేను బ్యాంకు పరీక్ష రాయడానికి ఒక్కదాన్నే విజయవాడ వెళ్తానంటే మీ తాతయ్య రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నువ్వు నీ జీతంతో సముద్రం దాటుతున్నావంటే, పొద్దున పాలు పోసే అబ్బాయికి కూడా చెప్పేశాను. తేదీలు చూశాకే నిద్ర పట్టలేదు.

నువ్వు వేసిన ఎక్సెల్ షీటు మీ అమ్మ వాట్సాప్‌లో పంపింది. బాగా వేశావు, కూడికలన్నీ సరిపోయాయి. కానీ ఆగస్టు రెండో వారం ఏమిటే? పంద్రాగస్టు సెలవు కలిసొస్తుంది, హోటళ్లు సగానికి సగం తగ్గాయి అంటావు. ఎందుకు తగ్గాయో ఆలోచించావా? ఫుకెట్, క్రాబీ, వాటి పక్కనే ఉన్న ఫంగా, ఈ మూడు ప్రావిన్సులూ అండమాన్ సముద్రం వైపు ఉన్నాయి. మన కేరళని తడిపే నైరుతి గాలే మే నుంచి అక్టోబరు దాకా అక్కడా కొడుతుంది. మూడో రోజు మాయా బే బీచ్ అని రాశావు. జనం తాకిడికి పగడాలు చచ్చిపోతున్నాయని 2018లో దాన్ని మూసేశారు. 2022 జనవరిలో తెరిచారు గానీ ఏటా ఆగస్టు, సెప్టెంబరుల్లో మళ్లీ మూస్తున్నారు. ఐదో రోజు సిమిలాన్ దీవులట. అవి అక్టోబరు 15న తెరిచి మే 15న మూసేస్తారు. అంటే వారం రోజుల ట్రిప్పులో రెండు రోజులు తాళం వేసిన ఇళ్లకి చుట్టపుచూపుగా వెళ్తున్నారన్నమాట.

జనవరికో ఫిబ్రవరికో మార్చుకోండి. ఆగస్టే అంటారా, అదే దేశంలో తూర్పు వైపు సూరత్ థానీ ప్రావిన్సులో కో సముయి అనే దీవి ఉంది. అక్కడ పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఇంచుమించు మన తుఫాన్ల రోజుల్లోనే. ఆగస్టులో కాస్త తెరిపిగా ఉంటుంది.

కాగితాల సంగతి నీకు నేను చెప్పేదేముంది! వీసా నిబంధనలు మారుతూ ఉంటాయి, టికెట్లు కొనే రోజున ఇంకోసారి చూసుకో. 2025 మే నుంచి డిజిటల్ అరైవల్ కార్డు అని పెట్టారు, దిగే ముందు మూడు రోజుల్లోపు నింపాలి. దానికి రూపాయి కూడా కట్టక్కర్లేదు, డబ్బులడిగే సైటు వస్తే మూసెయ్. ఇన్సూరెన్సు తీసుకో. స్కూటర్ అద్దెకిచ్చేవాడు పాస్‌పోర్టు తాకట్టు అడుగుతాడు, ఇవ్వకు. అసలు స్కూటరే వద్దు. గచ్చిబౌలిలో నువ్వు బండి ఎలా నడుపుతావో వెనక కూర్చున్నదాన్ని నాకు తెలుసు.

ఇప్పుడు రాయబోయేది మీ అమ్మకి తెలీదు. ఎవరికీ తెలీదు.

2011 జూన్‌లో నేనూ మీ పెదనాన్నా వెళ్లాం. సగం ధరకి హోటలొచ్చిందని ఎగిరి గంతేసింది నేనే. నీకు ఈ తెలివి ఎక్కణ్ణించి వచ్చిందో ఇప్పుడు అర్థమైందా? ఫుకెట్‌లో కరోన్ బీచ్. కాలేస్తే కీచుకీచుమనే తెల్లటి ఇసుక, కనుచూపు మేర పొడుగు. ముప్ఫై ఏళ్లు చినవాల్తేరులో ఉన్నాం, ఆర్కే బీచ్‌లో మోకాలు దాటి ఏనాడూ దిగలేదు. మన సముద్రం ఎంతమంది పిల్లల్ని లాక్కుపోయిందో పేపర్లో చదువుతూనే ఉన్నాం. అక్కడికెళ్లేసరికి ఆ భయం ఏమైపోయిందో! నీళ్లు పచ్చగా ఉన్నాయి, మనల్ని ఎరిగినవాళ్లు లేరు, నేను మొదటిసారి చుడీదార్ వేసుకున్నాను. ఆ సంబరంలో బుద్ధి హోటల్లో మర్చిపోయాం.

ఒడ్డున ఎర్రజెండా పాతి ఉంది. "ఇక్కడ కూడా పార్టీ మీటింగులున్నాయే" అన్నారు మీ పెదనాన్న. ఇద్దరం నవ్వుకున్నాం. ఈతకి దిగొద్దని దాని అర్థం.

అటూ ఇటూ అలలు విరిగి తెల్లగా నురగ కక్కుతున్నాయి. మధ్యలో ఒక ఇరవై గజాల మేర మాత్రం అలే లేదు. నీళ్లు కొంచెం ముదురు రంగులో, కొలనులా ఉన్నాయి. "ఇదిగో ఇక్కడ దిగండి, నెమ్మదిగా ఉంది" అని చోటు చూపించింది నేను. ఇన్నేళ్లయినా ఆ మాట నా చెవిలోనే ఉంది. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పోయే దారే అది తల్లీ! రిప్ కరెంట్ అంటారట. అల విరగని చోటే సముద్రం లోపలికి లాగుతుంది. చూడ్డానికి అదే అన్నిటికంటే మంచి చోటులా ఉంటుంది.

నడుము లోతుకి వెళ్లారు. నేను చెప్పులూ కళ్లజోడూ పట్టుకుని నిలబడ్డాను. బ్యాగులో కెమెరా కోసం చూసి తలెత్తేసరికి ఆయన తల ఒక్కటే కనిపించింది, చాలా దూరంలో. మీ పెదనాన్న ఆముదాలవలస మనిషి, నాగావళిలో ఈదినవాడు. ఆ ధీమాతో ఒడ్డుకే ఎదురీదుతున్నారు. ఎంత ఈదినా ఉన్నచోటే. నేను తెలుగులో కేకలు పెడుతున్నాను. ఇంగ్లీషులో ఇరవై ఏళ్లు ఆడిట్ రిపోర్టులు రాసినదాన్ని, హెల్ప్ అనే మాట రాలేదు.

పలక మీద అలలెక్కే కుర్రాళ్లు నలుగురు ఉన్నారక్కడ. అందులో ఒకడు, ఇరవై ఏళ్లుంటాయేమో, పలక మీద బోర్లా పడుకుని ఆయన దగ్గరికి పోయాడు. నేరుగా వెనక్కి తేలేదు. ముందు ఒడ్డు వెంబడి పక్కకి తీసుకెళ్లాడు, నురగ ఉన్న వైపుకి. అక్కణ్ణించి అలలే తోసుకొచ్చాయి. అంతేనట ఉపాయం: ఎదురీదకూడదు, వెల్లకిలా తేలాలి, చెయ్యెత్తి పిలవాలి, లాగుడు తగ్గాక ఒడ్డు వెంబడి పక్కకి ఈదాలి. ఇది అతను ఆయన్ని ఇసుక మీద కూర్చోబెట్టి చేతులతో బొమ్మ గీసి మరీ చెప్పాడు. పేరు కూడా అడగలేదు మేము. జేబులో ఉన్న అక్కడి డబ్బులు, బాత్‌లు, ఇవ్వబోతే నవ్వి, పలక ఎత్తుకుని మళ్లీ ఆ నీళ్లలోకే వెళ్లిపోయాడు.

వణుకుతూ హోటల్‌కి వచ్చాక చూసుకుంటే ఆయన కాళ్లకి చెప్పుల్లేవు. నా చేతిలోంచి ఎప్పుడో జారిపోయాయి. తెల్లారి వెళ్లి వెతుకుదామంటే, "వదిలెయ్ రాజ్యం, ఆ సముద్రానికి ఏదో ఒకటి ఇచ్చి రావాలిగా" అన్నారు. చోటు చూపించింది నేనే అని ఒక్కసారి కూడా అనలేదు. పోయేదాకా అనలేదు.

అందుకని సింధూ, ఎర్రజెండా ఉంటే పాదం తడవడానికి కూడా వీల్లేదు. నీ స్నేహితురాళ్లు పిరికిదానివని ఆటపట్టిస్తే మా పెద్దమ్మ ఒట్టు వేయించుకుందని చెప్పు. ఒడ్డున కర్రలకి వెనిగర్ సీసాలు కట్టి ఉంటాయి, జెల్లీ చేప కుడితే పోసుకోవడానికి. రుద్దకూడదు, మంచినీళ్లు పోయకూడదు.

మిగిలిన నాలుగు రోజులూ మేం నీళ్ల జోలికి వెళ్లలేదు గానీ పడవలెక్కాం. క్రాబీలో రైలే బీచ్‌కి రోడ్డు లేదు, కొండలు అడ్డం. ఆవ్ నాంగ్ నుంచి లాంగ్‌టెయిల్ పడవలో పోవాలి. ఆ పడవల ముక్కుకి రంగురంగుల గుడ్డలు, పూలదండలు కడతారు, వాళ్ల పడవ తల్లి కోసం. మే యా నాంగ్ అని పేరు. మన జాలారిపేటలో పడవకి పసుపు కుంకుమ పెట్టరూ, అలాగన్నమాట. ముక్కు మీద కాలు పెట్టి ఫొటోలు దిగకు. లైఫ్ జాకెట్ అడిగి వేసుకో, ఇవ్వకపోతే దిగిపో.

ఫంగాలోని ఖావ్ లక్‌లో 2004 సునామీ ఎత్తుకొచ్చిన పోలీసు పడవ ఒకటి ఇప్పటికీ ఉంది, 813 నంబరుది, తీరానికి కిలోమీటరు పైన లోపల. దాని పక్కన మీ పెదనాన్న చాలాసేపు నిలబడ్డారు. ఆ రోజు సముద్రం ముందు వెనక్కి పోయిందట, చేపలు కనిపిస్తున్నాయని జనం చూడ్డానికి దిగారట. అలా ఎప్పుడైనా కనిపిస్తే ఫోన్ తీసి వీడియో తియ్యకుండా ఎత్తైన చోటికి పరిగెత్తు.

తిండికి ఇబ్బంది పడేది మాలాంటి శాకాహారులు. కూరగాయల వేపుడు అన్నా అందులో చేపల నీళ్లు పోస్తారు, నామ్ ప్లా అంటారు. "జే" అని అడగాలి, మాంసం, చేపా ఏమీ కలపనిదని దాని అర్థం. పసుపు జెండా మీద ఎర్ర అక్షరం ఉన్న కొట్టు వెతుక్కోమని నీతో వచ్చే ఆ బ్రాహ్మల పిల్లకి చెప్పు. నేనైతే మామిడిపండు, కొబ్బరిపాలు పోసిన జిగురన్నంతో నెట్టుకొచ్చాను. మీ పెదనాన్న అది అమృతమనేవారు. ఇంటికొచ్చాక చేయమని అడిగారు కూడా, మన బియ్యంతో కుదర్లేదు.

కందిపొడి, కరివేపాకు పొడి కొరియర్ చేశాను. పెద్ద సూట్‌కేసులో పెట్టు, చేతి బ్యాగులో వద్దు. మూతలకి టేపు వేశాను, అక్కడికెళ్లేదాకా విప్పకు. టికెట్ల తేదీలు మార్చాక మీ అమ్మకంటే ముందు నాకు ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ