కొలనులో గోల్డ్ ఫిష్ ఉండగా కుళాయి నీరు నేరుగా నింపవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: పెరటి కొలను పొడవు 3 మీటర్లు, వెడల్పు 2 మీటర్లు, లోతు సుమారు 60 సెంటీమీటర్లు. ఎండలకు నీటిమట్టం 5 సెంటీమీటర్లు పడిపోయింది. అందులో ఏడు గోల్డ్ ఫిష్ ఉన్నాయి. కుళాయికి గొట్టం తగిలించి నింపేస్తే వాటికి ఏమైనా అవుతుందా?

నింపవచ్చు. అయితే నీరు పారుతున్నంతసేపూ అక్కడే ఉండండి. నేను ఉండలేదు, నా తొమ్మిది చేపల్లో నాలుగు పోయాయి.

అంతకు ముందు రెండేళ్లుగా గొట్టం వేసే నింపుతున్నాను, ఏ చేపకూ ఏమీ కాలేదు. ఆ ధీమాతోనే ఒక సాయంత్రం గొట్టం కొలనులో పడేసి, పావుగంటలో వద్దామని లోపలికి వెళ్లాను. ఫోను వచ్చింది, మాటల్లో పడ్డాను. గుర్తొచ్చి పరుగెత్తేసరికి రెండు గంటలు దాటింది. నీరు గట్టు మీదుగా పొర్లి మొక్కల్లోకి పారుతోంది. ఎప్పుడూ పచ్చగా ఉండే కొలనులో అడుగున ఉన్న రాళ్లు కూడా కనిపిస్తుంటే, నిజం చెప్పాలంటే, ఒక్క క్షణం ముచ్చటేసింది. ఆ వెంటనే వాసన తగిలింది, ఈత కొలనుల దగ్గర ముక్కుకు తగిలే ఆ ఘాటు. చేపలన్నీ గొట్టానికి దూరంగా ఉన్న మూలలో గుమిగూడి, నోళ్లు నీటి పైకి పెట్టి గుటకలు వేస్తున్నాయి. ఒకటి పక్కకు ఒరిగిపోయింది. చేతిలోకి తీసుకుంటే ఒళ్లంతా తెల్లని జిగురు. మొప్ప మీది రెక్క ఎత్తి చూస్తే, నిండు ఎరుపు ఉండవలసిన చోట పాలిపోయిన గోధుమ రంగు.

లెక్క వేసుకున్నది తర్వాతే. మా కుళాయి నుంచి నిమిషానికి 20 లీటర్లు వస్తాయి. రెండు గంటలకు 2,400 లీటర్లు. నా కొలనులో పట్టేదే 3,000. అంటే ఆ సాయంత్రం నేను చేసింది నీరు నింపడం కాదు, పాత నీటిని చాలా వరకు బయటికి తోసేసి చేపలను కుళాయి నీటిలో నిలబెట్టడం. రెండేళ్లుగా వాటిని కాపాడింది నా జాగ్రత్త కాదు. కొలనులో ఉన్న పాత నీరే.

తాగే నీటిలో క్లోరిన్ లీటరుకు 5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక విలువ. మామూలుగా కుళాయిలో వచ్చేది దానికంటే బాగా తక్కువే. మన కడుపులోకి వెళ్లాక అది ఏమీ చేయదు. చేపకు అలా కాదు, ఆ నీరు నిరంతరం మొప్పల పలచని పొర మీదుగా, రక్తానికి ఆనుకుని పారుతుంది. ఆ పొర కాలిపోతే చుట్టూ ఎంత ఆక్సిజన్ ఉన్నా చేపకు ఊపిరాడదు. కొద్దిపాటి కొత్త నీరైతే పాత నీటిలో పలచబడుతుంది, మిగిలిన క్లోరిన్‌ను పాచి, ఆకుల మురుగు త్వరగానే హరించేస్తాయి.

ఇప్పుడు మీ కొలను సంగతి. మొత్తం నీరు 3,600 లీటర్లు. తగ్గిన 5 సెంటీమీటర్లు అంటే 300 లీటర్లు, నూటికి 8 వంతులు. నేను ఒక్కసారికి పదో వంతు దాటను, మీరు ఆ లోపలే ఉన్నారు. అయినా ఒకేసారి కాకుండా రెండు రోజుల్లో, రోజుకు 150 లీటర్ల చొప్పున పోస్తే ఇంకా నిశ్చింత. మీ కుళాయి వేగం తెలియకపోతే, 10 లీటర్ల బకెట్ నిండడానికి ఎన్ని సెకన్లు పడుతుందో ఒక్కసారి చూసుకోండి. ఆ తర్వాత గడియారం చాలు. ఫోనులో అలారం పెట్టుకోవడం నాకు నచ్చదు, అలారం ఆపి మళ్లీ మాటల్లో పడే మనిషిని నేను. చేతిలో గొట్టం పట్టుకునే నిలబడతాను.

గొట్టం మూతిని నీటిలో ముంచకండి. ముంచితే ఆ చోట క్లోరిన్ ఏమాత్రం పలచబడకుండా ఉంటుంది, గోల్డ్ ఫిష్‌కేమో ఆ ప్రవాహంలో ఆడుకోవడం సరదా. పైగా కుళాయిలో ఒత్తిడి పడిపోతే కొలను నీరు వెనక్కి, ఇంటి గొట్టాల్లోకి లాగబడే ప్రమాదం ఉంది. పైనుంచి జల్లులా, కొలనంతా తిప్పుతూ పోయండి. బోరు నీరైతే ఈ జల్లు మరీ ముఖ్యం. అందులో క్లోరిన్ ఉండదు కానీ ఆక్సిజన్ తక్కువ, ఇతర వాయువులు ఎక్కువగా కరిగి ఉంటాయి. గాలిలో చెదిరి పడితే ఆ తేడా చాలావరకు సర్దుకుంటుంది. ఎండలో పడి ఉన్న గొట్టంలో మొదట వచ్చే వేడి నీటిని ఎటూ మొక్కలకు వదిలేయాలి.

ముందురోజు డ్రమ్ములో పట్టి ఉంచితే చాలదా అని చాలామంది అడుగుతారు. మామూలు క్లోరిన్ అయితే, మూత లేకుండా ఎండ తగిలేలా, గాలి బుడగలు వెళ్లేలా పెడితే ఒకటి రెండు రోజుల్లో పోతుంది. కొన్నిచోట్ల క్లోరిన్‌కు బదులు క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసి ఏర్పడేది) కలుపుతారు. అది రోజుల తరబడి ఉన్నా సరిగా పోదు. మీకు ఏది వస్తుందో నీరు సరఫరా చేసేవారినే అడగండి. క్లోరమైన్ అయితే మందు వేయక తప్పదు. ఇక్కడే ఒక మెలిక. క్లోరిన్ విరుగుడుగా అమ్మే వాటిలో సాధారణంగా ఉండేది సోడియం థయోసల్ఫేట్. అది క్లోరమైన్‌ను విరగ్గొట్టినప్పుడు అమ్మోనియా బయటపడుతుంది, అదీ చేపలకు విషమే. కనుక అమ్మోనియాను కూడా బంధించే రకమేనా అని సీసా మీద చదివి తీసుకోండి. గొట్టంతో నేరుగా నింపుతుంటే మందును పోసే నీటికి కాకుండా కొలను మొత్తానికి లెక్కగట్టి, నీరు వదలడానికి ముందే వేయాలి.

వేళ విషయంలో నా ఓటు ఉదయానికి. పాచి ఉన్న కొలనులో పగలంతా పిహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) పెరుగుతూ పోయి సాయంత్రానికి ఎక్కువగా ఉంటుంది, పిహెచ్ పెరిగినకొద్దీ అమ్మోనియా విషం పెరుగుతుంది. తెల్లవారేసరికి పిహెచ్ తగ్గుతుంది, ఆక్సిజన్ కూడా అడుగంటి ఉంటుంది కాబట్టి జల్లు చేపలకు హాయిగానే ఉంటుంది. ఏదైనా తేడా వస్తే చూసుకోవడానికి రోజంతా చేతిలో ఉంటుంది. నాకు ఆ రోజు చీకటి పడుతుండగా చేపలను ఏరుకోవలసి వచ్చింది.

పొరపాటు జరిగిపోతే ముందు కుళాయి కట్టేయండి. వెంటనే మొత్తం కొలనుకు సరిపడా మందు వేసి, గాలి పంపు ఉంటే గట్టిగా తిప్పండి, లేకపోతే బకెట్‌తో నీటిని ఎత్తి పోస్తూనే ఉండండి. ఇక్కడితో అయిపోయిందనుకున్నాను నేను. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను హరించే ఫిల్టరులోని సూక్ష్మజీవులను కూడా క్లోరిన్ చంపేసింది, దాంతో నాలుగు రోజుల తర్వాత అమ్మోనియా, దాని నుంచి పుట్టే మరో విషం నైట్రైట్ పెరిగాయి. నాలుగో చేప పోయింది అప్పుడే. ఆ వారం మేత దాదాపు మానేసి, రోజూ పరీక్ష చేస్తూ, మందు వేసిన నీటిని కొంచెం కొంచెంగా మారుస్తూ మిగిలిన ఐదింటినీ నిలబెట్టుకున్నాను.

ఎండకు ఆవిరయ్యేది నీరు ఒక్కటే, అందులోని లవణాలు కొలనులోనే ఉండిపోతాయి. అందుకే వేసవంతా నింపుతూనే పోకుండా, అప్పుడప్పుడు అడుగు నుంచి కొంత నీరు తీసి మొక్కలకు పోసి, ఆ తర్వాత నింపండి. మొక్కలకు అది మంచి ఎరువు కూడా.

ఒక్క సందేహం మిగిలింది. ఆ 5 సెంటీమీటర్లు ఎన్ని రోజుల్లో తగ్గాయో మీరు రాయలేదు. వారం పది రోజుల్లో అయితే అది ఎండ పని. ఒకటి రెండు రోజుల్లోనే అయితే, నింపే ముందు ఒక బకెట్‌లో కొలను నీరే పోసి, కొలను అంచున మునిగేలా నిలబెట్టి, లోపలి మట్టానికీ బయటి మట్టానికీ గుర్తులు పెట్టండి. పంపు ఆపి ఒక రోజు ఆగండి. రెండూ ఒకేలా తగ్గితే ఆవిరి. కొలను ఎక్కువ తగ్గితే ఎక్కడో కారుతోంది. చేపలకు లోతు చాలినంతవరకు తగ్గనిచ్చి, నీరు ఏ మట్టం దగ్గర ఆగిపోతుందో ఆ ఎత్తున చుట్టూ వెతకండి, చిల్లు అక్కడే ఉంటుంది.