హెచ్‌ఎల్‌ఏ పూర్తిగా కుదిరినా జీవీహెచ్‌డీ ఎందుకు?

లుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న తమ్ముడికి అక్క మూలకణాలు మార్పిడి చేశారు. హెచ్‌ఎల్‌ఏ (కణం మనదో పరాయిదో తెలిపే గుర్తులు) పూర్తిగా మ్యాచ్ అయినా, మార్పిడి తర్వాత 35వ రోజున తమ్ముడికి దద్దుర్లు, విరేచనాలు ఎందుకని, ఇది జీవీహెచ్‌డీ (దాత కణాలు రోగి శరీరంపై దాడి చేయడం) అయితే ఎందుకొస్తుందని అడిగారు. మీ టెన్షన్ అర్థమవుతోంది.

ముందు ఈరోజే ట్రాన్స్‌ప్లాంట్ టీమ్‌కు ఫోన్ చేయండి. విరేచనాలు ఎన్నిసార్లు అయ్యాయో, రక్తం పడుతోందో లేదో చెప్పండి. ఇన్ఫెక్షన్ వల్ల కూడా ఇలా కావచ్చు, పరీక్షలు చేస్తేగానీ తేలదు. సొంతంగా ఏ మందూ ఆపొద్దు, కొత్తది వేయొద్దు.

ఇక కారణం. మ్యాచ్‌లో చూసేది హెచ్‌ఎల్‌ఏ జన్యువులనే. అవి కలిసినా మిగతా ప్రోటీన్లలో చిన్న తేడాలుంటాయి. అక్క టీ కణాలు (రోగనిరోధక తెల్ల రక్తకణాలు) వాటిని పసిగట్టి తమ్ముడి శరీరాన్నే పరాయిదనుకుంటాయి. పైగా మార్పిడికి ముందు ఇచ్చే కీమోతో పేగు లోపలి పొర దెబ్బతింటుంది. అక్కడి నుంచి వెలువడే సంకేతాలు ఆ కణాలను ఇంకా రెచ్చగొడతాయి. చర్మం, పేగు, కాలేయం మీదే ఎక్కువగా దాడి జరుగుతుంది. దీన్నే జీవీహెచ్‌డీ అంటారు.

మరి టీ కణాలన్నీ తీసేయొచ్చుగా అనిపిస్తుంది. కానీ ఇన్ఫెక్షన్లను ఎదుర్కొనేదీ, మిగిలిన లుకేమియా కణాలను చంపేదీ అవే. అందుకే సైక్లోస్పోరిన్ లాంటి మందులతో వాటిని అదుపులో ఉంచుతారు. జీవీహెచ్‌డీ ముదిరితే సాధారణంగా ముందు స్టెరాయిడ్లు ఇస్తారు.

సైక్లోస్పోరిన్ లెవెల్ చూసే రోజు ఉదయం డోసు, రక్తం ఇచ్చాకే వేయించండి. లేకపోతే లెవెల్ తప్పుగా వస్తుంది.